ఏడింటి క్యారేజీ

అత్తలేని కోడలుత్తమురాలు, కోడల్లేని అత్త గుణవంతురాలు అంటారు. ఆ సామెత కట్టినవాళ్లు మా కోడల్ని చూసి ఉండరు. నన్ను మాత్రం చూసే ఉంటారు. నేనొకర్ని మెచ్చుకున్నానంటే మా వీధిలో వాళ్లు వాన తప్పదని ఆరేసిన బట్టలు లోపలికి తీసుకుంటారు. కాబట్టి ముందే చెబుతున్నాను, ఈ మెచ్చుకోలు నేను సరదాపడి చేస్తున్నది కాదు. చెయ్యక తప్పడం లేదు.

మా ఇంట్లో ఐదుగురం. నేను బట్టలు కుడతాను. ఇంటికి రెండు వీధుల అవతల చిన్న కొట్టు ఉంది. ఉద్యోగాల నుంచి ఇళ్లకు పోయేవాళ్లు ఆగి కొలతలిస్తారు గనక నా గిరాకీ అంతా సాయంత్రమే. మా ఆయన సినిమాహాల్లో ఆపరేటరుగా చేశారు, అంటే ప్రొజెక్టరు నడిపే మనిషి. ఇప్పుడు రిటైరై ఇంటిపట్టునే ఉంటున్నారు. మా వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఎవరు ఎక్కడ ఇరుక్కుంటే అక్కడికి పరిగెత్తాలి. ఎప్పుడు ఇంటికొస్తాడో వాడికే తెలియదు, కన్నంత మాత్రాన నాకేం తెలుస్తుంది. మనవరాలు బడి అయ్యాక వాలీబాల్ ఆడి వస్తుంది. దాన్ని అందరం పిడుగు అంటాం, చూస్తే మీరూ అదే అంటారు.

ఇక మా కోడలు. బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసేది ఆమే. ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలి, ఎవరు ఎక్కడ దిగాలి, ఎవరికి ఎప్పుడు తిండికి విరామం, అంతా ఆమె చేతిలో ఉంటుంది. సాయంత్రం డ్యూటీ అయితే బండ్లు రోడ్డు మీద ఉన్నంతసేపూ కంట్రోలు గదిలో ఫోన్ల ముందు కూర్చుంటుంది. ఒక వారం పొద్దుటి డ్యూటీ, మరో వారం సాయంత్రం డ్యూటీ. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం, కానీ లెక్కపెట్టినట్టు పైకి తెలియనివ్వదు.

ఆమె కాపురానికి వచ్చేనాటికి మా ఇంట్లో రాత్రి భోజనం అనేదే లేదు. గిన్నెలుండేవి. ఎవరొచ్చినప్పుడు వాళ్లు మూత తీసి చూసి, అడుగున మిగిలింది గోకి పెట్టుకుని, నిలబడి తిని పోయేవాళ్లం. సత్రం నయం, అక్కడ వచ్చావా అని అడిగే మనిషైనా ఉంటాడు. కోడలు కొన్నాళ్లు కిమ్మనకుండా చూసింది. కొత్త పిల్ల, నోట్లో నాలుక లేదనుకుని నేను సంతోషించాను. తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం అందర్నీ కూర్చోబెట్టి, ఈ వారం ఎవరి సాయంత్రం ఎలా ఉందో చెప్పమంది.

"ఏం, హాజరు పట్టీ రాస్తావా?" అన్నాను.

"రాయనత్తయ్యా, గుర్తుంటుంది. ముందు ఆఖరి బండి సంగతి చూసుకోవాలి. మొదటి బండి ఎలాగైనా వెళ్తుంది."

అప్పుడు నాకు అర్థం కాలేదు గానీ ఆమె పద్ధతంతా ఆ మాటలోనే ఉంది. మామూలుగా ఆడవాళ్లం ఏం వండాలా అని మొదలుపెడతాం. ఆమె అలా కాదు, ఆఖరున ఎవరొస్తారు అని మొదలుపెడుతుంది. మా వాడికి దూరంలో పనున్న రోజు, ఆగినా పాడవని కూర. అందరూ ఒక గంట అటూ ఇటూగా వచ్చే రోజు రొట్టెలు. ఎవరూ ఆలస్యం కారని గట్టిగా తెలిసిన రోజే చేప. "బీన్సు ఆగుతాయి, రొట్టె అలుగుతుంది, చేపకు అసలు ఓపిక లేదత్తయ్యా" అనేది. కూరగాయలు ఆదివారమే తరిగి డబ్బాల్లో పెట్టేది. పొద్దున సగం వండి దించేసేది. సాయంత్రం మొదట ఇల్లు చేరినవాళ్లు బియ్యం పొయ్యి మీద పెట్టాలి, రెండోవాళ్లు కూర వేడి చేయాలి, మూడోవాళ్లు బల్ల సర్దాలి. రోజుకొకరు స్పేరు. డిపోలో ఎవరైనా రాకపోతే బండెక్కడానికి ఒక డ్రైవర్ని ఖాళీగా ఉంచుతారట, అలాగన్న మాట.

"ఇది ఇల్లా, డిపోనా?" అని అడిగాను ఒళ్లు మండి.

"డిపో అయితే నయమత్తయ్యా, అక్కడ చెప్పిన మాట వింటారు" అంది, బెండకాయలు తరుగుతూనే.

ఇంకో నియమం కూడా పెట్టింది. ఎవరూ ఒంటరిగా తినకూడదు. ఎంత ఆలస్యంగా వచ్చినా ఎదురుగా ఒకరు కూర్చోవాలి. "ఖాళీ బండినైనా కండక్టరు లేకుండా పంపం కదా" అంది. మొదట్లో నేను సణిగాను. తర్వాత చూస్తే ఏముంది, మా వాడు తింటూ తింటూ తన పని కబుర్లు చెప్పసాగాడు. పిడుగు పుట్టి పెద్దదయ్యాక అదీ తన జట్టులో ఎవరితో ఎందుకు మాట్లాడటం లేదో చెప్పేది. నా కొడుకు ఏం పని చేస్తాడో నాకు సరిగ్గా తెలిసింది అప్పుడే. కోపమొచ్చినా ఒప్పుకోవాలి, ఇల్లు ఇల్లయింది.

మా ఆయన రిటైరయ్యాక ఈ తోడు కూర్చునే పని మొత్తం తన నెత్తిన వేసుకున్నారు. ఇంట్లో ఊరికే కూర్చునేవాణ్ని, నాకేం పని అన్నారు. మాకూ హాయిగానే ఉంది. తిలాపాపం తలా పిడికెడు అంటారే, అలా అందరం కలిసి ఆయన్ని ఏం చేస్తున్నామో ఎవరికీ తెలియలేదు. ఆయన కాలి బొటనవేలి మీద చిన్న పుండు లేచి, ఎన్ని మందులు రాసినా మానకపోయేసరికి ఆస్పత్రికి తీసుకెళ్లాం. రక్తంలో చక్కెర చూసి డాక్టరమ్మ కళ్లద్దాలు తీసేసింది.

"రాత్రి భోజనం ఎప్పుడు చేస్తారు?" అని అడిగింది.

"చీకటి పడ్డాక, నాతోనే తింటాడు తాతయ్య" అంది పిడుగు.

"నాతో కదా తినేది, నేను కొట్టు కట్టేసి వచ్చాక" అన్నాను.

"అమ్మా, నేనొచ్చాక నాతో తింటున్నాడు గదా" అన్నాడు మా వాడు.

 కోడలు సాయంత్రం డ్యూటీ వారాల్లో అందరికన్నా ఆఖరున వచ్చేది, ఆమెతోనూ తినేవారు. డాక్టరమ్మ మా మొహాలన్నీ వరసగా చూసింది. మా ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "ఎదురుగా ఊరికే కూర్చుంటే వాళ్లకి ముద్ద దిగదండీ, అందుకని ఓ రెండు ముద్దలు" అన్నారు. ఆ రెండు ముద్దలు ఎంతెంతో వడ్డించే మాకు తెలుసు.

డాక్టరమ్మ నవ్వలేదు. ఇకనుంచి రాత్రికి ఒకటే భోజనమనీ, అదీ ఏడింటికేననీ, దానికి ముందు ఇన్సులిన్ సూది వేసుకోవాలనీ చెప్పింది. సూది వేసుకున్నాక తినకపోతే చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుందని రెండుసార్లు చెప్పింది. చక్కెర అదుపులోకి రాకపోతే వేలు తీసేయాల్సి ఉంటుందనీ, అక్కడితో ఆగుతుందని మాటివ్వలేననీ అంది. 

పొద్దుటి డ్యూటీ వారం బాగానే గడిచింది. ఏడింటికి కోడలు ఇంట్లోనే ఉండేది, ఎదురుగా కూర్చుని తినేది. సాయంత్రం డ్యూటీ వారం వచ్చేసరికి ఏడింటికి ఇంట్లో ఆయన తప్ప ఎవరూ లేరు. నాకు కొట్టు, పిడుగుకి ఆట, మా వాడికి ఎవరిదో లిఫ్టు. "నేనేమన్నా చంటిపిల్లాణ్నా, వడ్డించుకుని తింటాలే" అన్నారాయన. నర్సు నేర్పింది గనక సూది కూడా సొంతంగానే వేసుకునేవారు. నేను కొట్టు నుంచి రాగానే తిన్నారా అంటే తిన్నానన్నారు. కంచం కడిగి బోర్లించి ఉండేది. ఇంకేం చూడాలి.

ఆ వారం చివర్లో పిడుగు ఆట నుంచి వచ్చేసరికి ఆయన వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నారట. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. ఆ పిల్ల భయపడలేదు, పిడుగు అన్నది ఊరికే కాదు. నీళ్లలో పంచదార కలిపి తాగించి తల్లికి ఫోను చేసింది. తల్లి ఫోను పెట్టకుండా, ఒక పక్క బండ్లతో మాట్లాడుతూ, ఇంకో పక్క ఏం చెయ్యాలో చెబుతూ కూర్చుంది. నాకు కబురొచ్చేసరికి కత్తెర ఎక్కడ పడేశానో తెలియదు. కొట్టు తలుపు కూడా వెయ్యకుండా పరిగెత్తాను.

నేను వెళ్లేసరికి ఆయన గోడకానుకుని కూర్చుని, తేరుకుని, ఏమీ జరగనట్టు చూస్తున్నారు. పిడుగు ఇంకో పంచదార డబ్బా కోసం అలమర తెరిచింది.

"నానమ్మా, అన్నం ఇక్కడెందుకుంది?"

పిండి డబ్బా వెనకాల మూత పెట్టిన కంచం. అందులో అన్నం, కూర, ఉడికించిన గుడ్డు. నాలుగు ముద్దలు తిన్న ఆనవాలుంది, అంతే. సూది వేసుకుని, భోజనం దాచిపెట్టి కూర్చున్నారన్న మాట ఈ మహానుభావుడు. నాకు తిట్లు తన్నుకొచ్చాయి. వేలు పోతుందని చెప్పినా బుద్ధి లేదా అన్నాను, చచ్చి మమ్మల్ని సాధించాలనుకున్నారా అన్నాను, ఇంకా చాలా అన్నాను. కోడలు తన కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టి వచ్చేదాకా అంటూనే ఉన్నాను.

ఆమె వచ్చి, చెప్పులు కూడా విడవకుండా ఆయన పక్కన నేల మీద కూర్చుంది. ముందు వేలికట్టు చూసింది. తర్వాత కంచం చూసింది.

"ఎవరి కోసం దాచారు మామయ్యగారూ?"

ఆయన నీళ్లు నమిలారు. ఆమె మళ్లీ అడగలేదు, ఆయన చెప్పేదాకా అలాగే కూర్చుంది. ఆ ఓపిక నాకు ఏడు జన్మలెత్తినా రాదు.

"నువ్వొచ్చేసరికి అందరూ తినేసి ఉంటారు కదమ్మా" అన్నారు చివరికి. "మీ అత్తకి మిషను తొక్కీ తొక్కీ కళ్లు మూతపడుతుంటాయి. వాడు వచ్చినా ఫోనులో ఉంటాడు. నువ్వొక్కదానివే తింటావు. నేను ముందే కడుపునిండా తినేస్తే నీతో కూర్చుని ఏం తినను? ఉత్త చేతులతో ఎదురుగా కూర్చుంటే కాపలా కాసినట్టుంటుంది."

"నేనొక్కదాన్నే తింటే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. నేనూ ఒక్కణ్నే తిన్నానుగా, నాకు తెలుసు."

అప్పుడు చెప్పారు. సినిమాహాల్లో పనిచేసినప్పుడు మొదటి ఆటకీ రెండో ఆటకీ మధ్య తినాలట. క్యాబిన్‌లో రెండో మనిషికి చోటుండదు. ప్రొజెక్టరు పక్కన నిలబడి, గోడవైపు తిరిగి, తలుపు దగ్గర ఎవరో తొందరపెడుతుంటే తినేవారట. "ఇంటికొచ్చాక మీ అత్త కూరెలా ఉందని అడిగేది. బాగుందనేవాణ్ని. ఏం కూర తిన్నానో గుర్తుండేది కాదమ్మా" అన్నారు.

ఆ క్యారేజీ కట్టి పంపింది నేను. ఉద్యోగం చేసినన్నాళ్లూ పంపాను. ఒక్క పూట తప్పలేదని గొప్పగా చెప్పుకునేదాన్ని. నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద కోపమూ వచ్చింది. ఇన్నేళ్లలో ఒక్కసారి నోరు విప్పి ఈ మాట చెబితే ముత్యాలు రాలిపోయేవా? ఆ మాటే అడిగాను. 

కోడలు కంచం మీద మూత పెట్టింది. 

"డిపోలో చార్టు వేసేవాళ్ల పేరు చార్టులో ఉండదు మామయ్యగారూ" అంది మెల్లిగా. "బండెక్కేవాళ్ల పేర్లే ఉంటాయి. ఇంట్లోనూ అలవాటు కొద్దీ అలాగే వేశాను. ఆఖరి బండి ఆఖరి బండి అంటూ, ఆ బండిలో వచ్చేది నేనేనని లెక్కలోకి తీసుకోలేదు. మీరు తీసుకున్నారు."

ఆదివారం మళ్లీ అందరం కూర్చున్నాం. ఈసారి నేను నోటికి పదును పెట్టుకుని కూర్చున్నాను. కొట్టు మానెయ్యమంటుంది, తాడో పేడో తేల్చుకోవాలి అనుకున్నాను. ఆమె ఆ ఊసే ఎత్తలేదు.

"సాయంత్రం డ్యూటీ వదిలేస్తాను. ఇకనుంచి పొద్దుటి డ్యూటీయే ఇమ్మని అడుగుతాను" అంది.

మా వాడు చప్పున తలెత్తాడు. పొద్దుటి డ్యూటీ అంటే చార్టులు వేయడం వరకే. సాయంత్రం రద్దీలో బండ్లను నడిపించే కంట్రోలు కుర్చీ పోతుంది. ఆ కుర్చీ కోసం ఆమె ఎన్ని పరీక్షలు రాసిందో, ఎంతమంది మగాళ్లు మూతి ముడుచుకున్నారో మాకు తెలుసు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు ఆమె ఇంటికొచ్చి రెండోసారి అన్నం పెట్టించుకుంది. అదీ తెలుసు.

"వదలక్కర్లేదు" అన్నాను. 

"వేరే దారి లేదత్తయ్యా, అన్నిరకాలా చూశాను."

"నువ్వు ఇంట్లోనే చూశావు. నీకు ఏడింటికి విరామం ఉందా, లేదా?"

"ఉంది. టీ తాగుతాను."

"టీ మాని అన్నం తిను. ఈయన్నీ క్యారేజీనీ నేను డిపోకి తీసుకొస్తాను. ఏడు నుంచి ఎనిమిది దాకా కొట్టు తలుపేస్తే కొంపలేం మునిగిపోవు. ప్యాంట్లు పొడుగైనవాళ్లు మడిచి కట్టుకుని తిరుగుతారు, ఆ గంటసేపూ."

 ఆమె కన్నా ముందు నాకో ఉపాయం తట్టడం మా ఇద్దరికీ అలవాటు లేని పని. కానీ ఉపాయం నాదైనా దానికి కాళ్లూ చేతులూ పెట్టింది ఆమే. డిపోలో బయటివాళ్లను లోపలి గదుల్లోకి రానివ్వరు. అందుకని మేనేజరుతో మాట్లాడి, కంట్రోలు గది కిటికీకి ఎదురుగా, రాత్రి సర్వీసు కోసం కడిగి ఆపి ఉంచే బండిలో కూర్చోవడానికి ఒప్పించింది. సీట్ల మీద మరక పడితే ఊరుకోనన్నాడట ఆయన. దాంతో ఆ వారం వంటంతా మారిపోయింది. జారేవి, కారేవి, వాసన పట్టుకునేవి లేవు. కూరలు పొడిగా, అన్నం ముందే కలిపి, గుడ్లు ఒలిచి సిద్ధంగా. బస్సు సీటులో ఒళ్లో పెట్టుకుని తినడానికి ఏది వీలవుతుందో, ఏది దొర్లుతుందో ఆదివారం కుర్చీలో కూర్చుని తిని చూసింది. పక్కన పిడుగు కుర్చీని కుదిపింది, బండి కదిలితే ఎలా ఉంటుందో చూద్దామని. "ఆగి ఉండే బండి కదే" అంటే, "ఏమో నానమ్మా, మన అదృష్టం" అంది.

మొదటి సాయంత్రం నాకు సిగ్గేసింది. మూడు గిన్నెల క్యారేజీ పట్టుకుని, కాలికి కట్టున్న మొగుణ్ని నడిపించుకుంటూ, డ్రైవర్లందరూ చూస్తుండగా ఖాళీ బస్సెక్కడం. ఒకతను "టికెట్టు తీశావా పెద్దమ్మా?" అన్నాడు. "మా కోడలు మీ అందరికీ బండ్లిస్తుంది, నాకొక సీటివ్వదా?" అన్నాను. మర్నాటి నుంచి అతనే ఆయన్ని చెయ్యి పట్టి ఎక్కించేవాడు.

ఏడు కాగానే కోడలు మెట్లు దిగి వచ్చేది. ముగ్గురం ముగ్గురి గిన్నెలు తీసుకునేవాళ్లం. ఆమె ఆ పూట ఏ బండి ఎక్కడ మొరాయించిందో చెబితే ఆయన ఒకప్పటి ప్రొజెక్టరు తంటాలు చెప్పేవారు. ఇద్దరివీ ఒకే జాతి కష్టాలు. వాళ్లు మాట్లాడుకుంటుంటే నేను కూర ఉప్పు చూసేదాన్ని. విరామం అయిపోగానే ఆమె చెయ్యి కడుక్కుని పరిగెత్తేది. తర్వాత నెల్లో కట్టు విప్పి చూసి, పుండు మానుముఖం పట్టిందంది డాక్టరమ్మ. ఇలాగే సాగాలి, ఒక్క పూట కూడా తప్పకూడదు అని కూడా అంది.

తప్పే పూట ఒకటి రానే వచ్చింది. ఆ సాయంత్రం వాన కుండపోతగా కురుస్తోంది. మేం తడుస్తూ బండెక్కాం. ఆయన సూది వేసుకున్నారు. ఎదురుగా మేడ మీద కిటికీలో కోడలు లేచి నిలబడటం కనిపించింది. వస్తోందనుకున్నాం. అంతలో మళ్లీ కూర్చుంది. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో ఇంకో ఫోను. కింద డ్రైవరు చెప్పాడు, పెద్ద కూడలిలో ఒక బండి చెడిపోయి అడ్డం తిరిగిందట, దాని వెనక ఎక్కడివక్కడ ఆగిపోయాయట.

"మీరు తినేయండి" అన్నాను.

"వస్తుంది" అన్నారు. గిన్నె ఒళ్లో ఉంది. మూత తియ్యలేదు.

"రాదు. కనబడటం లేదూ? ఊళ్లో బండ్లన్నీ ఆమె నెత్తి మీదున్నాయి."

"ఐతే ఇంటికొచ్చి ఒక్కతే తింటుంది. ఇంకాసేపు చూద్దాం."

"నేనున్నానుగా ఎదురుగా. నాతో తినండి."

"నీకు నేనున్నానే. ఆ పిల్లకెవరున్నారు?"

తిట్టాను. బతిమాలాను. ఆయన చేతులు వణకడం మొదలైంది. నుదుటి మీద చెమట పట్టింది. వానలో తడిశాం కదా, వాన నీళ్లేమోనని తుడిచి చూశాను. మళ్లీ పట్టింది. పంచదార నా సంచిలో ఉంది, నోట్లో వేస్తే పూటకి గట్టెక్కుతారు. కానీ రేపు? ఎల్లుండి? ఈ మొండిఘటం ప్రతిసారీ ఇలాగే కూర్చుంటే వేలు కాదు, మనిషే దక్కడు. నాకు ప్రాణాలు పోతున్నాయి. అంత భయంలోనూ ఆయన్ని చూస్తే నాకు గర్వంగా ఉంది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

క్యారేజీలోంచి కోడలి గిన్నె తీసుకున్నాను. బండి దిగి, వానలో మెట్లెక్కి, లోపలికి వెళ్లకూడదంటున్న కాపలా మనిషిని పక్కకు నెట్టి, కంట్రోలు గది తలుపు తోశాను. ఆమె ఫోనులో అరుస్తోంది. నేను గిన్నె ఆమె ముందు పెట్టి మూత తీశాను. మాట అక్కర్లేకపోయింది. కిటికీలోంచి కిందున్న బండిని చూపించాను, అంతే.

ఆమె కింద చూసింది. ఒళ్లో మూసిన గిన్నెతో కూర్చున్న మనిషిని చూసింది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించింది. ముద్ద చేసి, కుర్చీతో సహా కిటికీ దగ్గరికి జరిగి, ఆయనకు కనిపించేలా చెయ్యి పైకెత్తింది. "వెనక బండ్లని పాత రోడ్డు మీదికి తిప్పండి, నేను లైన్‌లోనే ఉన్నా" అంటోంది నోటితో. ముద్ద మాత్రం అలాగే పట్టుకుని ఉంది. నోట్లో పెట్టుకోలేదు.

నేను ఎలా మెట్లు దిగానో తెలియదు. బండెక్కి, ఆయన పక్క కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరిని కొంగుతో తుడిచాను.

"అటు చూడండి. మీరు తింటేగానీ తిననని కూర్చుంది."

ఆయన చూశారు. గిన్నె మూత తీశారు. వణికే చేత్తో ముద్ద పైకెత్తి చూపించారు. పైన ఆమె, కింద ఈయన, ఇద్దరూ ఒకేసారి తిన్నారు.

ఆపైన ఆమె ఒక మాట ఫోనులో చెప్పేది, ఒక ముద్ద ఎత్తేది. ఈయన ఎత్తేదాకా ఆగేది. మధ్యలో రెండో ఫోను మోగింది, దాన్నీ ఎత్తింది, ముద్ద మాత్రం మానలేదు. నేను బస్సు మధ్యలో నిలబడి ఒకసారి పైకీ ఒకసారి పక్కకీ చూస్తున్నాను. నా కడుపున పుట్టకపోతేనేం, ఇలాంటి మనిషి మా ఇంటికి వచ్చింది, అంతే చాలు అనిపించింది. గిన్నె ఖాళీ అయ్యాక ఆమె దాన్ని కిటికీలో బోర్లించి చూపించింది. ఆయన కూడా తనది బోర్లించి చూపించారు. ఆమె తలూపి, మళ్లీ ఫోన్ల వైపు తిరిగింది.

"నువ్వు తినవేంటి, నిలబడ్డావు?" అన్నారు ఆయన.

ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన చేతి వణుకు తగ్గింది.  నా గిన్నె మూత ఆయనే తీసిచ్చారు.